ఒలోపటడిన్ కంటి చుక్కలు: రెండు వేసవుల అనుభవం

ఏటా ఎండలు ముదిరేసరికి మా అబ్బాయి కళ్లు ఎర్రబడి, ఆగని దురదతో వాడిని నిద్రపోనిచ్చేవి కావు. కంటి వైద్యురాలు పరీక్షించి, అది అలర్జీ అని చెప్పి, ఒలోపటడిన్ 0.1 శాతం చుక్కలను రోజుకు రెండుసార్లు, కనీసం 6 గంటల ఎడంతో వేయమన్నారు. దుమ్ము, పుప్పొడి తగిలినప్పుడు కంటిపొరలోని మాస్ట్ కణాలు అనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయడం వల్లే ప్రధానంగా ఈ దురద పుడుతుంది. ఈ మందు ఆ విడుదలను తగ్గించడమే కాక, అప్పటికే వెలువడిన హిస్టమిన్‌ను కూడా అడ్డుకుంటుంది కనుక కొద్ది నిమిషాల్లోనే ఉపశమనం కనిపించింది. వేసిన క్షణంలో కాస్త మండుతుంది, అంతే.

అంతకుముందు ఒక మందుల దుకాణంలో, చీటీ అడగకుండానే స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. అవి త్వరగా హాయినిచ్చినా, పర్యవేక్షణ లేకుండా ఎక్కువ కాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమాకు (కంటి నరం దెబ్బతినే జబ్బుకు) దారితీయవచ్చని, శుక్లాలు కూడా రావచ్చని తెలిశాక నాకు చాలా భయం వేసింది.

చుక్కలు వేస్తున్నా కళ్లు నులమడం మాన్పించాలి. ఏళ్ల తరబడి గట్టిగా నులిమితే కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) పలచబడి ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ ముప్పు పెరుగుతుంది. దురద రేగినప్పుడు మేము చల్లని తడిగుడ్డ కప్పుతున్నాం. సీసా తెరిచిన తేదీని దానిపైనే రాసి, నెల దాటితే పారవేస్తున్నాం.