పైలట్ కాకునో: నవ్వుమొహం పాళీ
ఫౌంటెన్ పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లు ఎన్ని కొన్నా, రోజూ చేతికొచ్చేది ఒకటే. నాకది జపాన్ కంపెనీ పైలట్ చేసే కాకునో, ఫైన్ (సన్నగీత) పాళీ. జపాన్ ఫైన్ అంటే యూరప్ పెన్నుల ఫైన్ కన్నా సన్నం. అందుకే చిన్న అక్షరాల్లో కూడా గుడులు, ఒత్తులు సిరాతో పూడుకుపోవు. రాస్తుంటే కాయితం మీద కాస్త గరగరమంటుంది. ఆ గరగరే నాకిష్టం, అక్షరం అదుపులో ఉంటుంది.

పాళీ మీద బుల్లి నవ్వుమొహం చెక్కి ఉంటుంది. అది మనవైపు చూస్తోందంటే పెన్ను సరిగ్గా పట్టుకున్నట్టే. పిల్లల కోసం చేసిందేలెండి, అయితే ఏంటి?

ఒళ్లు ఆరు పలకలు, బల్ల మీద దొర్లదు. క్యాప్‌కి క్లిప్ మాత్రం లేదు, జేబులో పెట్టుకునేవాళ్లు వేరేది చూసుకోవాలి. సీసా సిరా వాడాలంటే కన్వర్టర్ (సిరా పీల్చుకుని నింపుకునే చిన్న గొట్టం) విడిగా కొనుక్కోవాలి. మీది సన్నటి చేతిరాత అయితే ఇంతకన్నా లావుగా రాసే మీడియం పాళీ జోలికి పోకండి.