‘షూట్’ వారపత్రిక: పాత ప్రతులు ఏళ్ల తరబడి చదివాక

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన మూడేళ్లకు, 1969 ఆగస్టులో, ఐపీసీ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థ పిల్లల కోసం ‘షూట్’ అనే ఫుట్‌బాల్ వారపత్రికను మొదలుపెట్టింది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద దొరికే దాని పాత ప్రతులను చాలా ఏళ్లుగా కొని చదువుతున్నాను.

ఈ పత్రిక ప్రాణం ‘లీగ్ ల్యాడర్స్’లో ఉందని నా నమ్మకం. సీజన్ మొదట్లో ఉచితంగా ఇచ్చే ఆ అట్ట మీద లీగ్‌లోని ఒక్కో డివిజన్‌కు, అంటే ఒక్కో స్థాయికి, ఒక్కో నిలువు వరుసలో సన్నని చీలికలుంటాయి. క్లబ్బుల పేర్లు అచ్చువేసిన చిన్న అట్టముక్కలను విడదీసుకుని, శనివారం ఫలితాలు తెలియగానే వాటిని పైకీ కిందికీ మార్చి గుచ్చాలి. నాకు దొరికిన ఒక అట్టలో మొదటి డివిజన్ చీలికలు సాగి వదులైపోగా, నాలుగో డివిజన్‌వి కొత్తవాటిలాగే బిగువుగా ఉన్నాయి. ఇంగ్లండ్‌కు ఆ కప్పు తెచ్చిన కెప్టెన్ బాబీ మూర్ వంటివారి పేరుతో వచ్చిన శీర్షికలూ, ఆటగాళ్లకు వేసిన ‘ఫోకస్ ఆన్’ ప్రశ్నావళీ ఇప్పటికీ చదివిస్తాయి; ఇష్టమైన తిండి ఏదంటే స్టేక్, చిప్స్ అని ఎంతమంది చెప్పినా నాకు విసుగు రాలేదు. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా పేరుపొందిన రహీమ్ సాబ్ ఊరివాణ్ణి కనుక, బ్రిటన్ బయటి ఆటకు చోటు తక్కువన్న లోటు మాత్రం నాకుంది.

1974లో పోటీ పత్రిక ‘గోల్’ను కలుపుకున్న ‘షూట్’కు 1979లో ‘మ్యాచ్’ అనే మరో పత్రిక రూపంలో గట్టి పోటీ ఎదురైంది, 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చాక టీవీలో ఆటకు కొదవే లేకుండా పోయింది. దెబ్బతీసింది టీవీయేనంటే నేను పూర్తిగా ఒప్పుకోను. నా దగ్గరున్న తొంభైల నాటి సంచికల్లో పోస్టర్లు పెరిగి, చదవడానికి మిగిలింది తగ్గింది. టీవీ ఇవ్వలేని దాన్ని పత్రికే వదులుకుంది. 2001లో మాసపత్రికగా మార్చడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే వారం వారం మారే పట్టికతో పెనవేసుకున్న పత్రికను నెలకోసారి తెరవాల్సిన అవసరం పాఠకుడికి లేదు. 2008లో మళ్లీ వారపత్రికగా తెచ్చి, కొన్ని నెలలకే ఆపేశారు.

కొనదలచినవారు డెబ్బైల నాటి ప్రతులు వెతకండి, మధ్య పేజీ రంగుల బొమ్మ ఎవరూ చించుకోలేదని చూసుకుని మరీ డబ్బివ్వండి.