కడపలో బ్రేక్ ప్యాడ్లు కొనేవాళ్ళకు హెచ్చరిక: ఊళ్ళో బాగానే పడతాయి, ఘాట్లో పడవు

కారుకు బ్రేక్ ప్యాడ్లు మార్పించాలనుకుంటున్నవాళ్ళు, ఈ మధ్యే మార్పించినవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కారు కంపెనీ పేరున్న పెట్టెలో డూప్లికేట్ ప్యాడ్లు పెట్టి అమ్ముతున్నారు. నాకూ అవే అంటగట్టారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు.

షోరూము ధరలో దాదాపు సగానికే ఇచ్చారు. "కంపెనీ సరుకే సార్, మేము మార్జిన్ తక్కువ వేసుకుంటాం" అన్నారు. బిగించాక ఏడు రోడ్ల కూడలి ట్రాఫిక్‌లో ఎన్నిసార్లు ఆపినా ఏ తేడా తెలియలేదు. అసలు సంగతి గువ్వలచెరువు ఘాట్లో బయటపడింది. రాయచోటి నుంచి ఇంటిల్లిపాదీ, సామానుతో కడపకు దిగుతున్నాం. కారు రెండో గేరులోనే ఉంది. ముందు లోడు లారీ నెమ్మదిగా పోతుండడంతో ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కాల్సి వచ్చింది. కొంత దూరం దిగేసరికి మాడిన వాసన మొదలైంది. పెడల్ రాయిలా బిగుసుకుంది. ఎంత బలంగా తొక్కినా వేగం తగ్గడం లేదు. వెనక సీట్లో అమ్మ, పిల్లలు ఉన్నారు. ఆ టెన్షన్ పగవాళ్ళకు కూడా వద్దు. మొదటి గేరుకు దించి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు కాస్త వెడల్పున్న చోట ఆపగలిగాను.

అరగంట సేపు చల్లారాక బ్రేకులు మళ్ళీ మామూలుగా పడ్డాయి. నాకు ఎక్కువ భయం కలిగించింది ఇదే. ఊరికొచ్చి చూపిస్తే "బాగానే ఉన్నాయి కదా" అనేస్తారు. చక్రం విప్పించి చూశాకే అసలు విషయం తెలిసింది. ప్యాడ్ల ముఖం అద్దంలా మెరుస్తోంది, ఒక మూల పెళ్ళ ఊడిపోయింది, వెనక ఇనుప ప్లేటు మీద స్టిక్కరు తప్ప ఒక్క ముద్ర కూడా లేదు. షాపువాళ్ళేమో తప్పంతా నా డ్రైవింగ్ మీదికి నెట్టారు.

ప్యాడ్‌లోని పొడులను, నారలను పట్టి ఉంచేది ఒక రకం రెసిన్, అంటే జిగురు లాంటి పదార్థం. నాసిరకం సరుకులో ఎడతెగని వేడికి అది మాడి గ్యాసు వదులుతుంది, డిస్కు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం) మీద పట్టు జారిపోతుంది. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. టౌన్లో అంత వేడి పుట్టదు కాబట్టి షాపు ముందు ఒక రౌండు కొట్టి చూసినంత మాత్రాన మంచివో కావో తేలదు. గువ్వలచెరువు ఒక్కటే కాదు, తిరుమల, నంద్యాల–గిద్దలూరు, దోర్నాల–శ్రీశైలం ఘాట్లలో తిరిగేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే అనుమానం ముందు ప్యాడ్ల మీదికే పోవాలి. దిగేటప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఉండొచ్చు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. అందుకే మామూలుగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. మన మెకానిక్‌లు అడిగితే తప్ప మార్చరు, మీరే అడగండి.

కొనేటప్పుడు పెట్టెను చూసి నమ్మకండి, ప్యాడ్ బయటికి తీయించి చూడండి. పార్టు నంబరు, బ్యాచ్ నంబరు ప్లేటు మీదే ఉండాలి. చాలా ప్యాడ్ల మీద ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాల కోడ్ కూడా ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45 మధ్య, ఈ (ఇంగ్లీషు E) అంటే అంతకంటే తక్కువ. రెండో అక్షరం E ఉన్నవి ఘాట్లలో తిరిగే బండికి నేనైతే తీసుకోను. అక్షరాలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు కాబట్టి షోరూములోనో, బాష్, రానే, బ్రెంబో లాంటి కంపెనీల అధీకృత డీలరు దగ్గరో జీఎస్టీ బిల్లుతోనే కొనండి. సెరామిక్ ప్యాడ్లు శబ్దం, దుమ్ము తక్కువ అన్నది నిజమే. ఆ పేరుంటే చాలు వేడికి ఆగుతాయని మాత్రం అనుకోకండి. మంచి కంపెనీ సెమీ మెటాలిక్ (లోహం కలిసిన) ప్యాడ్లు కొంచెం కీచుమన్నా, డిస్కును కాస్త ఎక్కువ అరగదీసినా మన ఘాట్లకు నాకు అదే మేలనిపిస్తుంది. రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పడవు, వాటి జోలికి పోవద్దు.

ఘాట్లో ఎప్పుడైనా ఇలా జరిగితే న్యూట్రల్ చేయకండి, ఇంజన్ ఆపకండి. ఒక్కో గేరు దించుకుంటూ రండి. ఆగాక కాగిన డిస్కు మీద నీళ్ళు పోయకండి, వంకరపోతుంది లేదా పగులుతుంది.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. షాపు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అక్కడ 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. బిల్లు, పెట్టె, ఊడిన ప్యాడ్లు అన్నీ దాచిపెట్టాను. సగం ధరకు "కంపెనీ సరుకు" కొన్నవాళ్ళెవరైనా ఉంటే ఘాట్ ఎక్కకముందే చక్రం విప్పించి, ప్లేటు వెనక ముద్ర ఉందో లేదో చూసుకోండి.