హెచ్ఎంవీ 102తో పన్నెండేళ్లు: తప్పు ప్లేటుది కాదు

2012లో హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో కొన్నాను ఈ గ్రామఫోన్ పెట్టెని. కీ ఎలా తిప్పాలి, మూత ఎలా తెరవాలి అన్నవి అందరికీ తెలిసినవే. నా గొడవంతా సౌండ్ బాక్సుతోనే, అంటే ముల్లు కదలికని శబ్దంగా మార్చే గుండ్రటి డబ్బాతోనే. ఆరేళ్లపాటు దాన్ని తిట్టాల్సింది పోయి పాపం ప్లేట్లను తిట్టాను.

నా దగ్గరున్నవి ఎక్కువగా పద్యనాటకాల ప్లేట్లు. పద్యం నడిచినంతసేపూ బాగానే ఉండేది. చివరి పాదం దగ్గర నటుడు రాగం పైకి తీయగానే, గొంతులో ఈగ దూరినట్టు ‘జుయ్’మని మోత. సరిగ్గా వన్స్‌మోర్ కొట్టే చోటే! ప్లేటు అరిగిందనుకుని సబ్బునీళ్లతో కడిగాను. (స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.) ముల్లు సంగతా? అది ఎలాగూ ఒక్కో వైపుకి ఒక్కోటి మారుస్తాను. అరిగిన ముల్లుతో రెండో వైపు వేస్తే గాడి పాడవుతుంది.

రిపేరు చేసే ఆయన స్ప్రింగు అన్నాడు. గట్టిపడిన గ్రీజు తీసి కొత్తది పెట్టాడు. వేగం కుదిరింది, నిమిషానికి 78 చుట్లు లెక్కపెట్టి చూశాను. ఈగ మాత్రం పోలేదు. “పాత బాక్సు అయిపోయింది సార్, ఇది పెట్టుకోండి” అని తళతళలాడే నకలు బాక్సు ఒకటి అంటగట్టాడు. సౌండు పెరిగింది గానీ, రేకు డబ్బాలో తల పెట్టి పాడినట్టుంది. నెల తిరక్కుండా తీసేశాను.

2018 వేసవిలో, పోతే పోయిందని పాత బాక్సు నేనే విప్పాను. లోపల పల్చటి అల్యూమినియం రేకు, దాని అంచుకి అటూ ఇటూ రబ్బరు రింగులు. రేకుని మెత్తగా పట్టుకోవాల్సిన ఆ రబ్బరు ఏళ్ల తరబడి ఎండి రాయైపోయింది. గోటితో నొక్కితే అప్పడంలా విరిగింది. సైకిల్ షాపుకి వెళ్లి వాల్వ్ ట్యూబు తెచ్చాను, పది రూపాయలు. దాన్ని రింగులా అమర్చేటప్పుడు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో సందూ ఉండకూడదు. నాలుగోసారికి కుదిరింది. పాత పోత లోహం పగులుతుందేమోనని బిగించేటప్పుడు ఒకటే టెన్షన్.

అదే ప్లేటు పెట్టాను. రాగం పైకి వెళ్లింది, ఈగ రాలేదు. పద్యం వెనక హార్మోనియం ఉందని ఆ రోజే తెలిసింది నాకు. వంటింట్లోంచి అమ్మ, “కొత్త ప్లేటు కొన్నావేంట్రా?” అంది.

అప్పట్లో ఆ సంబరంలో, ఇక దీనికి తిరుగులేదని, ఏ ప్లేటైనా వేసుకోవచ్చని స్నేహితులందరికీ చెప్పాను. కాస్త తగ్గించుకోవాలి. మా తెనాలి ఎండలకి వాల్వ్ రబ్బరు రెండేళ్లకే బిగుసుకుపోతోంది, ఇప్పటికి మూడుసార్లు మార్చాను. ఏ ప్లేటైనా వేసుకోవచ్చన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. మన దేశంలో 78 ప్లేట్లు 1960లలో కూడా వచ్చాయి గదా, అలాంటిదొకటి మోజుకొద్దీ పదేపదే వేస్తే గాడులు అరిగి బూడిదరంగుకి తిరిగాయి. అవి ఇప్పుడు కరెంటు ప్లేయర్ మీదే.

చేత్తో మోసుకెళ్లే పోర్టబుల్ గ్రామఫోన్లలో పెద్దన్న డెక్కా. 1914లో వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల వెంట కందకాల దాకా వెళ్లింది. అందం దానిదే. అయినా నేను 102 తీసుకున్నది, అది 1931 నుంచి 1950ల చివరిదాకా తయారై, పాత సామాన్లలో విడిభాగాలు కాస్త దొరుకుతాయనే.

కొనమంటానా? నాకు ప్లేట్లు ముందే ఉన్నాయి, రిటైరయ్యాను, పక్క వాటాలో ఎవరూ లేరు. దీనికి సౌండు తగ్గించే బటన్ ఉండదు, సన్నటి ముల్లు పెట్టుకోవాలి, లేదా మూత మీద తువ్వాలు కప్పుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండే మా తమ్ముడు వారం రోజులు తీసుకెళ్లి నాలుగో రోజే తెచ్చిచ్చాడు. నకలు బాక్సు కూడా వాడికే ఇచ్చాను, పేపర్ వెయిట్‌గా వాడుతున్నాడు.