సున్నిపిండా, సబ్బా, ఫేస్‌వాషా? ముందు మీ కుళాయి నీళ్లు చూడండి

కార్తీకం వచ్చి కాళ్లు తెల్లగా పొలుసులు కట్టడం మొదలైతే చాలు, అందరూ అడిగేది ఒకటే: సబ్బు మానేసి సున్నిపిండికి మారమంటారా? ఈమధ్య ఫేస్‌వాష్ కూడా ఇందులో చేరింది. నన్నడిగితే, ఏది మేలో తేల్చేది మీ చర్మం కన్నా ముందు మీ ఇంట్లో వచ్చే నీళ్లు.

హైదరాబాదులో మంజీరా నీళ్లొచ్చే ఇంట్లో హాయిగా సరిపోయిన సబ్బే, బోరు నీళ్ల అపార్ట్‌మెంటుకి మారగానే ఒళ్లంతా బిగదీసినట్టు చేస్తుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బుతో కలిస్తే అవి నీళ్లలో కరగని తెట్టు కడతాయి. బకెట్ లోపలి అంచున వేలితో గీస్తే గోటికి తెల్లగా, జిగటగా వచ్చేది అదే. బకెట్‌కి పట్టింది ఒంటికి పట్టకుండా ఉంటుందా? పోలేదని మళ్లీ రుద్దుతాం, చర్మం ఇంకా ఎండిపోతుంది. పైగా సబ్బు పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 అటూఇటూ. చాలామంది టీఎఫ్ఎం 76 ఉందా అని చూసి కొంటారు. మంచిదే, కానీ అది సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెబుతుందే తప్ప మీ నీళ్లతో పడుతుందో లేదో చెప్పదు. అనుమానముంటే సీసాలో సగం నీళ్లు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి గిలక్కొట్టండి. నురుగు నిలవక నీళ్లు తెల్లగా విరిగినట్టయితే అవి సబ్బుకి పనికిరాని నీళ్లు.

సున్నిపిండికి ఈ తెట్టు బాధ లేదు. పిండి జిడ్డును పీల్చుకుని నీళ్లతో జారిపోతుంది. తలంటు నాడు నువ్వులనూనె పట్టించిన ఒంటికి దాన్ని మించింది లేదు (ఇక్కడ నా పక్షపాతం దాచుకోను). నూనె మొత్తం ఊడ్చెయ్యకుండా పల్చటి పొర మిగులుస్తుంది, చలికాలంలో కావలసింది అదే. అయితే మిక్సీలో బరకగా పట్టింది ముఖానికి వద్దు. మరపట్టించి, పల్చటి గుడ్డలో జల్లించుకోవాలి. ఇంకోటి, బావంచాలు. వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి వైద్యంలో వాడేది అదే. అది చర్మానికి పట్టాక ఎండ తగిలితే కమిలి నల్లబడొచ్చు. పొద్దున్నే స్నానం చేసి బండి మీద ఆఫీసుకెళ్లేవాళ్లు పెసలు, శనగపప్పు, కచ్చూరాలు వేసుకుని బావంచాలు మానేయడమే నయం.

మరి ముఖానికి? రోజూ సన్‌స్క్రీన్ రాసుకునేవాళ్లకి పిండితో అది సరిగా వదలదు. అక్కడ ఫేస్‌వాషే నయం, కానీ నురుగు చూసి కొనకండి, వెనక రాసింది చదవండి. సోడియం పామేట్ అని ఉంటే అదీ సబ్బే. సోడియం కోకోయిల్ ఐసిథియోనేట్ లాంటివి ఉంటే సబ్బు కాని సబ్బు, అంటే సిండెట్. బోరు నీళ్లలోనూ తెట్టు కట్టదు. బిళ్లగా కూడా దొరుకుతుంది, ఒంటికీ వాడొచ్చు. అన్నట్టు, ముడతలు ఆగుతాయని పెట్టె మీద రాస్తే ఎక్కువ డబ్బు పెట్టకండి. అరనిమిషంలో కడిగేసేదానితో ముడతలు ఆగవు. వయసు కనబడేలా చేసేది ఎక్కువగా ఎండ.

ములతానీ మట్టి జిడ్డు ముఖాలకి వారానికోసారి సరే, పొడి చర్మానికి అక్కర్లేదు. కుంకుడు రసం తలకే.

మామూలు సబ్బుని బొత్తిగా పారేయనక్కర్లేదు. చంకలకీ పాదాలకీ అది చాలు. దేంతో కడిగినా తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాయండి. సున్నిపిండి డబ్బా బాత్రూంలో పెడితే ఆవిరికి ఉండలు కట్టి బూజు పడుతుంది, రోజుకి కావలసినంతే గిన్నెలోకి తీసుకోండి. మోరీ జాలీ వారానికోసారి ఎత్తి కడగండి, పిండి అడుగున పేరుకుని పులుస్తుంది.