మోకా పాట్: వేడికి వంక పెట్టలేను, పేచీ అంతా చికోరీతోనే

చల్లారిన కాఫీ ఇస్తే నాకు కోపం వస్తుంది. స్టీలు ఫిల్టర్‌తో నా తగాదా అంతా ఇదే. రాత్రి వేసిన డికాక్షన్ పొద్దున్నకి చల్లబడి ఉంటుంది. అందులో పొంగిన పాలు పోసినా గ్లాసు గోరువెచ్చగా తగులుతుంది తప్ప చురుక్కుమనదు. నేరుగా పొయ్యి మీద పెడితే డికాక్షన్ చేదెక్కుతుంది కాబట్టి వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి వెచ్చబెట్టాలి. ఆ ఓపిక మా అత్తయ్యకి ఉంది, నాకు లేదు.

మోకా పాట్ కొన్నది అందుకే. పొయ్యి మీద పెట్టే చిన్న కాఫీ పాత్ర ఇది: కింది గిన్నెలో నీళ్లు, మధ్యలో జల్లెడ గిన్నెలో పొడి, నీళ్లు మరిగితే పొడిలోంచి పైగిన్నెలోకి డికాక్షన్ ఎక్కుతుంది. ఇన్నేళ్లుగా అటక ఎక్కించకుండా వాడుతున్నదీ అందుకే. ఇందులో డికాక్షన్ పైకి వచ్చేటప్పుడే పొగలు కక్కుతూ వస్తుంది. అలాగే గ్లాసులోకి వంచి, పక్క పొయ్యి మీద పొంగే పాలు పోస్తే మొదటి గుక్కకి నాలిక కాలాల్సిందే. మధ్యాహ్నం మూడున్నరకి కునుకు తీసి లేచి, ముందు రాత్రి ఏమీ వేసి పెట్టుకోకుండానే పది నిమిషాల్లో అలాంటి కాఫీ తాగడం నాకు పెద్ద సుఖం. ఇంట్లో ఫ్రెంచ్ ప్రెస్ కూడా ఉంది, పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే గాజు పాత్ర, మా తమ్ముడు ఇచ్చాడు. అందులో చేసింది పాలు లేకుండా తాగితే బాగుంటుంది గానీ, మనం పోసే లెక్కన పాలు పోస్తే కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలి. పొడి మీద వేడినీళ్లు పోసి వడకట్టే పోర్ ఓవర్ సంగతీ అంతే. పాలకి తట్టుకుని నిలబడే డికాక్షన్ ఇచ్చేవి నేను వాడినవాటిలో రెండే, ఫిల్టరూ ఇదీ.

అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్ మీద పని చెయ్యదని అందరికీ తెలుసు. గ్యాస్ మీద కూడా ఒక చిక్కుంది. అడుగు చిన్నది కావడంతో స్టవ్ కాళ్ల మధ్యకి ఒరిగిపోతుంది. పుల్కాలు కాల్చే జాలీ వేసి దాని మీద పెడుతున్నాను. మంట అడుగు దాటి పైకి వస్తే పిడి మెత్తబడుతుంది. నాది ఇప్పటికే ఒక పక్కకి వంకర తిరిగింది.

ఇక అసలు గొడవ. నేను వాడేది చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి, కలపని పొడి. మొన్న సంక్రాంతి ముందు మామూలుగా కొనే కొట్టు మూసి ఉంటే, బెజవాడ వన్‌టౌన్‌లో ఇంకో చోట తీసుకున్నాను. అప్పటికే ఆడించి ఉంచిన పొడి, పెద్ద డబ్బాలోంచి తూచి ఇచ్చాడు. ‘చికోరీ లేదు కదండీ?’ అని అడిగితే, ‘ప్యూరేనమ్మా, వాసన చూడండి’ అన్నాడు. వాసన నిజంగానే బాగుంది.

మర్నాడు పొద్దున్న పొయ్యి మీద పెట్టాను. ఎప్పుడూ అయితే నాలుగైదు నిమిషాలకి నడిమి గొట్టంలోంచి డికాక్షన్ సన్నగా పొంగి కారడం మొదలవుతుంది. ఆ రోజు ఎంతకీ రాలేదు. కింద మాత్రం కుతకుతమంటోంది. మూత ఎత్తి చూస్తే గొట్టం నోట్లో రెండు నల్లటి చుక్కలు, అంతే. ఇంకాస్త చూద్దాం అనుకునేలోపే పక్కనున్న సేఫ్టీ వాల్వ్ సుయ్‌మంటూ ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. గోడ మీద తడి మరక ఇంతై అంతైంది. వాల్వ్‌ని ఎప్పుడూ గోడ వైపుకి తిప్పి పెట్టడం నాకు మొదటి నుంచీ అలవాటు. మీరు ఇంకేం పాటించకపోయినా అదొక్కటి పాటించండి. మా ఆయన పేపరు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చి, ‘కుక్కర్ పెట్టావా?’ అన్నారు.

గ్యాస్ కట్టేసి పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోలేదు. వేడి మీద మర విప్పితే లోపలి ఒత్తిడి మొహం మీదికే వస్తుంది. చల్లారాక విప్పి చూస్తే, జల్లెడ గిన్నెలో ఉన్నది పొడిలా లేదు. తడిపిన శనగపిండిలా ముద్దగట్టి, గిన్నె బోర్లించినా రాలేదు. చెంచాతో గీకి తియ్యాల్సి వచ్చింది.

అనుమానం వచ్చి గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చిటికెడు పొడి చల్లాను. కాఫీ పొడి అయితే పైన తేలుతుంది. చికోరీ కొన్ని సెకన్లలోనే మునుగుతుంది, మునుగుతూ వెనక గోధుమరంగు చారలు వదులుతుంది. కల్తీని ఇంట్లోనే కనిపెట్టడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన పరీక్షల్లో ఇదొకటి. నా గ్లాసు నిండా చారలే.

మిగిలిన పొడి పట్టుకుని కొట్టుకి వెళ్తే అతను కంగారేమీ పడలేదు. ‘కొంచెమే కలుస్తుందమ్మా. అదీ లేకపోతే చిక్కగా లేదని మీరే వెనక్కి తెస్తారు’ అన్నాడు. ప్యాకెట్‌లో అమ్మే మిశ్రమం అయితే చికోరీ ఎంత శాతమో పైన ముద్రించాలి, అది 49 శాతం దాటకూడదు. విడిగా తూచే పొడికి కాగితం పొట్లమే తప్ప లెక్కేదీ ఉండదు. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. ఈసారి గింజలు ఎదురుగా ఆడించి ఇస్తానన్నాడు గానీ నాకు మనసొప్పలేదు.

అయితే చిక్కదనం గురించి అతను చెప్పింది అబద్ధం కాదు, నా ఉక్రోషం కూడా అందుకే. చికోరీ నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, ఆ నీళ్లని పట్టి ఉంచుతుంది. ఫిల్టర్‌లో అది మంచికే. నీళ్లు చుక్క చుక్కగా నిదానంగా దిగుతాయి, ఆ ఆలస్యంలోనే డికాక్షన్ చిక్కబడుతుంది. మోకా పాట్‌లో నీళ్లు దిగేది లేదు. కింద పుట్టిన ఆవిరి తోస్తే అవి పొడిలోంచి పైకి ఎక్కాలి. ఆ తోపుడు కూడా పెద్దదేం కాదు. హోటళ్లలో ఎస్‌ప్రెస్సో మిషన్ 9 బార్ల ఒత్తిడితో నెడితే, ఇది ఒకటిన్నర, మహా అయితే రెండు. దారిలో పొడి ముద్దకడితే ఇక వాల్వే దిక్కు. కొద్ది శాతం చికోరీ ఉన్నా నడుస్తుందనే వాళ్లున్నారు. వాళ్ల పొడి బరకగా ఉందేమో, నడుస్తుందేమో. నా వంటింటి గోడ మీద ఆ ప్రయోగం ఇక చెయ్యను.

చికోరీ లేకుండా ఏ పొడి వెయ్యాలన్నది వేరే తలనొప్పి. అరకు అరాబికా రకం, ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ గుర్తింపు 2019లో వచ్చిందే, ఒట్టిగా వేస్తే ఇల్లంతా కమ్మటి వాసన. పాలు కలిపేసరికి మాత్రం కాస్త నీరసం, కాస్త పులుపు. సగానికి సగం రోబస్టా అనే ఇంకో రకం గింజ కలిపించుకుంటే కుదురుతోంది. అది కూడా నాకూ మా ఆయనకీ కుదిరింది. అత్తయ్య ఒక గుక్క తాగి, ‘వేడిగానే ఉందమ్మాయ్. కాఫీ ఎప్పుడిస్తావు?’ అన్నారు.

పది నిమిషాల్లో కాఫీ అన్నాను కదా, ఆ కాసేపూ పొయ్యి దగ్గర కాపలా ఉండాలి. డికాక్షన్ రంగు తేలిపడి గరగరమని చప్పుడు రాగానే దించెయ్యకపోతే చేదు పట్టుకుంటుంది. ఫిల్టర్‌లో అయితే నీళ్లు పోసి మన పని మనం చూసుకోవచ్చు. మే నెల బెజవాడలో, సిమ్‌లో పెట్టిన మంట ఆరిపోతుందని ఫ్యాన్ కట్టేసి వంటింట్లో నిలబడడం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో నేనూ చప్పుడు చెయ్యకుండా ఫిల్టర్‌కే వెళ్లిపోతాను. అప్పుడు చల్లారిన డికాక్షన్ మీద అంత కోపమూ రాదు.

మూడు కప్పులది అని రాసి ఉంటుంది గానీ, అవి వాళ్ల చిన్న కప్పులు. దాదాపు 150 మిల్లీలీటర్ల నీళ్లు, 15 గ్రాముల పొడి పడతాయి. మన గ్లాసులతో ఇద్దరికి సరిపోతుంది. ఒక్కరికే అని సగం పొడి వేస్తే నీళ్లు సందు చూసుకుని దూసుకొచ్చి పల్చగా వస్తుంది. నలుగురు చుట్టాలు దిగితే రెండు మూడు వాయిలు పెట్టాలి, మధ్యలో చల్లార్చి కడగాలి. అప్పటికి మొదటి వాయి తాగినవాళ్లు రెండో కాఫీ అడుగుతారు. మేం ఇద్దరమే ఉంటాం, పొయ్యి గ్యాస్‌ది, ఎదురుగా పట్టి ఇచ్చే కొట్టు మా సత్యనారాయణపురం నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అందుకని నాకు ఇది నచ్చింది. నలుగురైదుగురున్న ఇంటికో, ఇండక్షన్ ఇంటికో కొనమని చెప్పడానికి నోరు రాదు.

బోరు నీళ్లు మాత్రం పొయ్యకండి. అడుగున తెల్లటి పొర కడుతుంది, వాల్వ్ చుట్టూ కూడా. వాల్వ్ ఎంత ముఖ్యమో పైన చెప్పాను. కాఫీ వరకు క్యాన్ నీళ్లు వాడుతూ, అప్పుడప్పుడు పొడి లేకుండా నిమ్మరసం కలిపిన నీళ్లు మరిగించి కడుగుతున్నాను. రబ్బరు రింగు గట్టిపడితే మర దగ్గర నుంచి నీళ్లు కారతాయి, డికాక్షన్ పూర్తిగా పైకి రాదు. గవర్నర్‌పేటలో కుక్కర్ గాస్కెట్లు అమ్మేచోట అడిగితే ఈ సైజు లేదన్నారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కొనేముందు పాత రింగు అడ్డంగా స్కేలు పెట్టి కొలుచుకోండి. మూడు కప్పులదని అమ్మేవన్నీ ఒకే కొలత కావు.