లినక్సులో ఇంటి రికార్డింగుకు ఏ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ మేలు?

లినక్సు కంప్యూటరుతో ఇంట్లోనే పాట రికార్డు చేసుకోదలచినవారు చాలామంది ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అనే అంకెల దగ్గరే ఆగిపోతారు. ఆ అంకెలు ఇవాళ దాదాపు అన్ని డబ్బాల మీదా ఉంటాయి. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు; శాంపిల్ రేటు, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క, దానికి రెట్టింపు దాటితే చాలు కనుక గొంతుకైనా, వీణకైనా 48 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. మనం చూడవలసిన సంగతి వేరే ఉంది. ఆ పెట్టెను నడిపే మీటలన్నీ పెట్టె మీదనే ఉన్నాయా, లేక కొన్నింటిని విండోస్, మ్యాక్ ప్రోగ్రాముల్లో పెట్టి మనకు అందకుండా చేశారా అన్నదే లినక్సు వాడేవారికి మొదటి ప్రశ్న.

యూఎస్‌బీ ఆడియో క్లాస్ అని ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది. దానికి కట్టుబడిన పరికరానికి తయారీదారు వేరే డ్రైవరు ఇవ్వనక్కరలేదు. లినక్సు కెర్నెల్‌లోనే (లినక్సు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) ఉన్న ఆల్సా అనే ధ్వని డ్రైవరు దాన్ని గుర్తించి నడుపుతుంది. డబ్బా మీద లినక్సు పేరు ఎవరూ వేయరు కాబట్టి, ఐప్యాడ్‌తో పనిచేస్తుందని రాసి ఉందేమో చూడడం మంచి ఉపాయం. ఐప్యాడ్ కూడా సాధారణంగా ఈ ప్రమాణం మీదే ఆధారపడుతుంది కనుక, అక్కడ నడిచేది ఇక్కడా నడిచే అవకాశం బాగా ఎక్కువ. అయితే ఈ ప్రమాణం హామీ ఇచ్చేది ధ్వని రాకపోకలకు మాత్రమే. ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్ట్ల విద్యుత్తు) వేయడం, లోపలి మిక్సర్‌ను మార్చడం వంటివి తయారీదారు సొంత ప్రోగ్రాముకు అప్పగిస్తే, ధ్వని వస్తున్నా పెట్టె సగమే మన చేతిలో ఉంటుంది.

ఈ దృష్టితో రెండేసి మైకులు పెట్టుకోగల మూడు పెట్టెలను పోల్చి చూద్దాం. అవి బెరింగర్ యూఎమ్‌సీ 202 హెచ్‌డీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, మోటూ ఎం2.

మూడింటిలో చవకైనది బెరింగర్‌ది. గెయిన్ (మైకు ధ్వనిని ఎంత పెంచాలన్నది) తిప్పే గుండీలు, లైను లేదా వాద్యం అని ఎంచుకునే మీటలు, మన గొంతు మనకు నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటర్ మీట అన్నీ చేతికి తగిలే అసలు మీటలే. కంప్యూటరులో ఏ కెర్నెల్ ఉన్నా, ఏ డిస్ట్రిబ్యూషన్ వేసినా వీటి పని మారదు. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌ను లినక్సుతో బతికించుకుంటున్నవారికి ఇంతకంటే నిశ్చింతైన పెట్టె లేదని నా నమ్మకం. లోపం చెప్పాలంటే, స్థాయి చూపే కొలమానం లేదు. ధ్వని వస్తోందనీ, హద్దు దాటిందనీ చెప్పే దీపాలే ఉన్నాయి కనుక మిగతా కొలత అంతా ఆర్డర్ (Ardour), రీపర్ వంటి రికార్డింగు ప్రోగ్రాముల్లో తెర మీద చూసుకోవాలి. ఇదే కుటుంబంలో యూఎమ్‌సీ 22 అనే ఇంకా చవకైనది ఉంది. పేరు ఒకేలా ఉందని పొరబడి దాన్ని తెచ్చుకోకండి. అందులో మైకు ధ్వనిని పెంచే ప్రీయాంప్ ఒక్కటే, అదీ 16 బిట్లకు, 48 కిలోహెర్ట్జ్‌కు పరిమితం. 24 బిట్లుంటే గొంతు శిఖరాలను సున్నాకు (ధ్వని పగిలే హద్దుకు) 12 నుంచి 18 డెసిబెల్స్ కిందనే ఉంచి నిర్భయంగా పాడవచ్చు; 16 బిట్లలో ఆ ఎడం అంత ఉదారంగా వదలలేము.

స్కార్లెట్ గురించి కొంత ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే లినక్సులో దీని కథ మిగతావాటికంటే లోతైనది. 2019లో వచ్చిన మూడవ తరం, 2023లో వచ్చిన నాలుగవ తరం రెండూ ఇప్పుడు దొరుకుతున్నాయి. కొత్త పెట్టెను మొదటిసారి తగిలించినప్పుడు అది ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లా కూడా కనిపిస్తుంది; నమోదు పేజీకి తీసుకువెళ్లే ఫైలు అందులో ఉంటుంది. లినక్సులో ఇది చూసి పరికరం పాడైందనుకొని కంగారుపడేవారున్నారు. మూడవ తరం 2ఐ2లో 48 వోల్ట్ల మీటను నొక్కి పట్టుకొని తీగ తగిలించి, కొన్ని క్షణాలు అలాగే ఉంచితే ఆ స్థితి పోతుంది. ఆ తరువాత గుండీల చుట్టూ ఉన్న వలయాలు ధ్వని స్థాయిని బట్టి పచ్చగా, కాషాయంగా, ఎర్రగా వెలుగుతూ ఉంటాయి. తెర వైపు చూడకుండా పాడేవారికి అవి చాలు.

లోపలి నియంత్రణలన్నీ లినక్సు నుంచే మార్చుకొనే వీలు కెర్నెల్‌లో క్రమంగా వచ్చింది. రెండవ, మూడవ తరాలకు ఆ వీలు 6.7 నుంచి తనంతట తానే అమలవుతుంది. నాలుగవ తరం 2ఐ2కు 6.8 కావాలి. ఉబుంటు 24.04లో 6.8 ఉంది, డెబియన్ 12లో మొదట వచ్చేది 6.1. పాత కెర్నెల్‌తోనూ ధ్వని రికార్డవుతుంది, ముందువైపు మీటలు పనిచేస్తాయి. అందనిది తెర మీది నియంత్రణ మాత్రమే. దీనికోసం స్వచ్ఛందంగా రాసిన ఆల్సా స్కార్లెట్ గూయీ అనే ప్రోగ్రాము తెరిస్తే, నాలుగవ తరం 2ఐ2లో ఏ ఇన్‌పుట్ ఏ అవుట్‌పుట్‌కు పోతోందో గీతలతో కనిపిస్తుంది. ఒక పరికరం లోపలి మిక్సర్ ఇంత పూర్తిగా లినక్సు నుంచి చేతికి అందడం అరుదు.

మూడవ, నాలుగవ తరాల మధ్య నిజమైన తేడా గెయిన్‌లో ఉంది. మూడవ తరం మైకు గెయిన్ 56 డెసిబెల్స్ కాగా నాలుగవ తరానిది 69. ఈ పదమూడు డెసిబెల్స్ ఎవరికి కావాలో మా పెద్దమ్మ మంగళహారతులు రికార్డు చేసినప్పుడు నాకు తెలిసింది. ఆవిడది మెత్తని గొంతు. మైకును పెదవుల దగ్గరకు తెస్తే బిగుసుకుపోతుంది, వెనక్కి జరిపితేనే ఊపిరి తీసుకొని హాయిగా పాడుతుంది. డైనమిక్ మైకు (విద్యుత్తు అక్కరలేని, సన్నని సంకేతమిచ్చే రకం) తెచ్చాను, ఫ్యాను ఆపాను, అప్పట్లో ఇంట్లో ఉన్న పాత పెట్టె గెయిన్‌ను కొసదాకా తిప్పాను. తెర మీద గీత సన్నగానే మిగిలింది. తరువాత పెంచితే పాటతో పాటు పరికరం రొద కూడా పైకి వచ్చింది. ఆమె చరణం ముగించి ఆగిన చోటల్లా సన్నని జల్లు పడుతున్నట్టు వినిపించేది. డైనమిక్ మైకు, మెత్తని గొంతు రెండూ కలిసినవారు నాలుగవ తరం వైపు చూడాలి. గట్టి సంకేతమిచ్చే కండెన్సర్ మైకు వాడేవారికి 56 కూడా చాలు.

నాలుగవ తరం 2ఐ2తో ఒక జాగ్రత్త అవసరం. దానికి విద్యుత్తు కొంచెం ఎక్కువ కావాలి, అందుకే వెనుక అదనపు విద్యుత్తు కోసం ఇంకొక యూఎస్‌బీ-సి రంధ్రం పెట్టారు. పాత వెడల్పు రకం పోర్టులే ఉన్న ల్యాప్‌టాప్‌కు తగిలించేవారు ఫోను ఛార్జరును కూడా దగ్గర పెట్టుకోవాలి.

మోటూ ఎం2 మీద అంత వాదన లేదు. ముందువైపు రంగుల ఎల్‌సీడీలో స్థాయి కొలమానం కనిపిస్తుంది, ప్రతి మైకుకూ వేరు 48 వోల్ట్ల మీట, వేరు మానిటర్ మీట ఉన్నాయి, వెనుక ఐదు పిన్నుల మిడీ (కీబోర్డు నొక్కుళ్ల సంకేతాలను పంపే) రంధ్రాలు, ఆన్-ఆఫ్ స్విచ్ ఉన్నాయి. మీటలన్నీ పెట్టె మీదే ఉండటం వల్ల లినక్సులో వేరే ప్రోగ్రాము వెతుక్కోనక్కరలేదు. గెయిన్ 60 డెసిబెల్స్. ధర మాత్రం బెరింగర్ కంటే బాగా ఎక్కువ.

ఇక ధ్వని కంప్యూటరు గుండా పోయి వినపడడానికి పట్టే ఆలస్యం సంగతి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 ఫ్రేముల (శాంపిళ్ల) బఫర్, అంటే ధ్వనిని కాసేపు దాచే ముక్క, ఒక్కొక్కటి 2.67 మిల్లీసెకన్లు; యూఎస్‌బీ పరికరాలకు జాక్ అనే ధ్వని ప్రోగ్రాములో అలవాటుగా పెట్టే మూడు పీరియడ్లకు (అలాంటి మూడు ముక్కలకు) 8 మిల్లీసెకన్లు. కీబోర్డు మీద సాఫ్ట్‌వేర్ వాద్యం వాయించేవారికి ఈ లెక్క ముఖ్యం. గొంతు మాత్రమే రికార్డు చేసేవారు డైరెక్ట్ మానిటర్ వేసుకుంటే తమ గొంతు కంప్యూటరు దాకా పోకుండానే హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది కనుక బఫర్‌ను 1024కు పెంచినా నష్టం లేదు. ఈ మూడింటికీ ఆ మీట ఉంది. కాబట్టి ఆలస్యం పేరు చెప్పి ఖరీదైనది కొనమనే సలహా గాయకులకు వర్తించదు.

నాకు ఒక రికార్డింగులో పదేపదే చిటపటలు వచ్చాయి. లినక్సులో ధ్వనిని నడిపే పైప్‌వైర్‌తో వచ్చే పీడబ్ల్యూ-టాప్ అనే ప్రోగ్రాము తెరిచి చూస్తే దోషాల గడిలోని అంకె చిటపటకొకసారి పెరుగుతూ ఉంది. బఫర్ మార్చాను, కెర్నెల్ మార్చాను. చివరికి మౌసు, హార్డ్‌డిస్కు ఉన్న చవక హబ్‌లో నుంచి తీగ తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించగానే ఆ అంకె నిలిచిపోయింది. ఏ ఇంటర్‌ఫేస్ కొన్నా దానికి ఒక పోర్టు ప్రత్యేకించాలి.

నా ఎంపిక ఇది. పాత యంత్రం, తక్కువ ఖర్చు, కండెన్సర్ మైకు అయితే యూఎమ్‌సీ 202 హెచ్‌డీ. 6.8 లేదా అంతకు మించిన కెర్నెల్, మెత్తని గొంతు, డైనమిక్ మైకు అయితే నాలుగవ తరం స్కార్లెట్. మిడీ తీగ ఉన్న పాత కీబోర్డు ఇంట్లో ఉంటే, రోజూ గంటల తరబడి కొలమానం చూస్తూ పనిచేసేవారైతే ఎం2. వాడిన మూడవ తరం స్కార్లెట్ మంచి ధరకు దొరికితే కాదనకండి. కొనేముందు అమ్మేవారి దగ్గరే హెడ్‌ఫోను పెట్టుకొని, 48 వోల్ట్లు వేసి, రెండు గుండీలనూ మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా తిప్పి గరగర వినిపిస్తుందేమో చూసుకోండి.